తప్పిపోయినోళ్ల డేరా

మేడారంల మూడు దినాలు నా డ్యూటీ మైకు కాడ.
అంగన్‌వాడీ టీచర్ను, గొంతు పెద్దదని ఏశిండ్రు.
ఎర్రగౌను, ఐదేండ్లు, ఊరు తెల్వదు,
నాయిన పేరడిగితే బెల్లం అడుగుతాంది...
గిట్ల రాత్రి దాక నూటపదిమందిని పిలిచిన.

పదకొండు గొట్టంగ ఒక పిల్ల అచ్చి నిలవడ్డది.
డిగ్రీ సదువుతదట. చేతుల బంగారం ముద్ద,
పిసికి పిసికి మోచేతి దాక కారుతాంది.
"ఎవలు తప్పిపోయిండ్రు బిడ్డా?"
"ఎవలు తప్పిపోలే."

వాగుల తానం జేసి గద్దెల దిక్కు పోయే లైన్ల
ఎనుక నుంచి చెయ్యి.
మళ్ల చెయ్యి.
తిరిగి చూస్తే
అందరు చేతులెత్తి మొక్కుతాండ్రట.

రిజిస్టర్ల పేరు, ఏండ్లు, అంగీ రంగు.
దీనికి గీత లేదు.
మేనత్త ఉరికచ్చింది:
"అమ్మల కాడ గివన్ని చెప్పుకుంటరానే?"
"అమ్మల కాడ గాకుంటే ఏడ చెప్తదక్కా?"

కానిస్టేబుల్ సుగుణ మోకాలు మీద కాయితం పెట్టి రాసింది:
నీలం వాచి బెల్టు. గోళ్లకు పసుపు.
గంతే యాదికున్నది.
పిల్ల పేరు నేను మైకుల చెప్పలే, ఈడ గూడ చెప్ప.

"మూడో లైన్ల ఆడోళ్లకు ఎవలకన్న గిట్లయితే
డేరా కాడికి రాండ్రి. ఊరడగం."

తెల్లారెటాల్లకు నలుగురచ్చిండ్రు.
నాలుగో ఆమెకు అరవై దాటినయి.
ఆమెది ఈ జాతర ముచ్చట గాదు.
కొంగుతోని కండ్లద్దాలు తుడుసుకుంట
అప్పుడు ఈడ కరెంటు గూడ లేకుండె, అన్నది.

సుగుణ ఇంకో కాయితం తీసింది.