ముప్పైఒకటి

నెబ్రాస్కా గాలిదుమ్ములో
వరసగా తెల్ల ట్రైలర్లు, చక్రాల మీది ఇళ్లు.
ధర ముప్పైతొమ్మిది వేలు, కొట్టేసి
పక్కన ఎర్రసిరాతో ముప్పైఆరు.
"మీకోసమే," అన్నాడు కుర్రాడు.
ఆ ఎరుపు ఎప్పుడో ఎండకి వెలిసింది.

వెల్డా పలకలేదు.
నలభై ఏళ్లు దూడల వేలంలో కూచున్న మనిషి.
ముందు నోరు తెరిచినవాడిదే నష్టం.
లోపలికెళ్లి పరుపు మీద బూట్లతోనే పడుకుంది,
కుళాయి తిప్పింది, కప్పు మూలల్లో చెమ్మ తడిమింది.
దాణా రసీదు వెనక అంకె రాసి
బల్లమీద పెట్టింది.

మేనేజరు గదికి మూడుసార్లు తిరిగాడు కుర్రాడు.
మూడోసారికి చంకల్లో చొక్కా తడిసింది.
"సరే, ముప్పైఒకటి. కాగితాల ఖర్చు వేరే."
"కాగితాలు మీవి. ఖర్చూ మీదే."

సంతకమయ్యాక
చేయి కలిపి హాయిగా నవ్వాడు.
ఆ నవ్వు చూసినప్పట్నుంచి
దారంతా ఒకటే గుబులు:
ముప్పై అనాల్సింది.