చేపు

రాజాం బస్సు. దీపాలేళ. చిలకపాలెం ఇంకా దాటలేదు,
వెనక సీట్లో గుంటడు ఒకటే గుక్క.
ఖాళీ తట్ట కాళ్లకిందికి తోసి
చేపలామె రవిక ముడి విప్పింది.

"పైట కప్పుకోవమ్మా, మగాళ్లున్నారు" –
కళ్లద్దాలాయన, కిటికీవైపు తిరిగి.
కిటికీ అద్దంలోనూ ఆమే ఉంది.

"ఉక్కకి గుంటడు సచ్చిపోడేటి బావూ?
నీ తువ్వాలే
నీ మొకం మీదేసుకో."

నవ్వేను. నవ్వుతుండగానే
చేపు వచ్చింది నాకు,
ఎవరి బిడ్డ ఏడుపుకో.

బ్యాంకు బాత్రూంలో, గొళ్లెం సరిగా పడని తలుపుకి
వీపు ఆన్చి
రోజూ సింకులో పిండి పారబోసే పాలు
ఇస్త్రీ చీర మీద
రూపాయి బిళ్లంత, ఇంకా పెద్దగా –

ఫైలు అడ్డం పెట్టుకున్నాను.

ఆమె చూసింది.
పక్కకి జరిగి, తట్ట లాక్కుని,
"నీ గుంటకెన్ని నెల్లప్పా?"