ఒక నిమిషం ముందు

నగరిలో మా బడి గోడ అవతలే మరమగ్గాలు.
పొద్దున ఏడుకి మొదలైతే
కరెంటు పోయిందాకా ఒకటే టకటక.
ఆ చప్పుడు కిందే పుట్టి, ఆ చప్పుడు కిందే నిద్రపోయి
ఏడో తరగతికి వచ్చాడు తులసీరాం.

మగ్గానికి బెదరడు.
బడి గంటకు బెదురుతాడు.
రైలుపట్టా ముక్క మీద ఇనప కమ్మీ పడగానే
రెండు చెవులూ మూసుకుని
బల్ల కిందికి దూరి, ఒక్క అరుపు.
నా లెక్క బోర్డు మీదే సగంలో నిలిచిపోయేది.

నిజం చెప్పేస్తాను.
"నలభై ఏడుమంది ఉండారు నాకు,
వీణ్ణి భవిత కేంద్రంలోనే ఉంచండి" అని
హెడ్మాస్టరు టేబులు గుద్ది చెప్పింది నేనే.
వాళ్ళమ్మ గుమ్మం దగ్గరే నిలబడి వింటోందని
బయటికొచ్చాకే చూశాను.
చేతిలో స్టీలు క్యారియరు. గోళ్ళ సందుల్లో అద్దకం నీలం.
"మజ్జిగన్నం తింటాడు సార్, చారు పడదు" అనింది.
అంతే అనింది.

వాడి పక్కన ఎవరు కూర్చుంటారంటే
ఒక్క చెయ్యి లేవలేదు.
ఢిల్లీబాబుని కూర్చోబెట్టాను,
ఎటూ చదివేవాడు కాదు గదా అని.
అదీ నిజమే. రాయాల్సిందే.

ఢిల్లీబాబుకి గడియారం చూడ్డం రాదు.
అట్టముక్క మీద ముళ్ళు తిప్పి, బతిమాలి, చెవి మెలేసి
రెండేళ్ళు నేర్పాను.
చిన్న ముల్లు ఎక్కడుంటే అదే వాడికి టైము.
పెద్దదానితో పనే లేదు.

దసరా సెలవులైన వారానికి అనుకుంటా,
గంట కొట్టారు. అరుపు లేదు.
నేనే ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను.
తులసీరాం చెవులు మూసుకునే ఉన్నాడు, ముందే,
బల్ల మీదే, నిమ్మళంగా,
మబ్బు చూసి నూలు లోపలేసుకున్నట్టు.

మర్నాడు కాపేశాను.
గంటకు ఒక నిమిషం ముందు
ఢిల్లీబాబు వాడి ముక్కు ముందు మూడు వేళ్ళు పెడతాడు.
రెండు.
ఒకటి.
పిడికిలి.

"ఎట్ట తెలస్తాదిరా నీకు?"
"పెద్ద ముల్లు సార్. తొమ్మిది దాటి నాలుగు గీతలు."
"నేను చెప్తే రాలేదే?"
"అప్పుడు పని పడలేదు సార్."

తర్వాత అంతా బాగైపోయిందని రాయను.
ఫిబ్రవరిలో గడియారం సెల్లు అయిపోయింది.
ఆ రోజు తులసీరాం ఢిల్లీబాబు చెయ్యి కొరికాడు, రక్తం వచ్చేలా.
రెండు దినాలు వేరే బల్లలో కూర్చున్నాడు ఢిల్లీబాబు,
ఎవరితోనూ మాట్లాడకుండా.
మూడో దినం సెల్లు కొనుక్కొచ్చాడు.
చిల్లర ఎక్కడిదో చెప్పలేదు.

ఇప్పుడు నేను కార్వేటినగరంలో.
ఇక్కడ కరెంటు గంట, పళ్ళు జివ్వుమంటాయి.
అలవాటు పోలేదు.
నిమిషం ముందు నా చెయ్యి దానంతటదే లేచి
మూడు వేళ్ళు చూపిస్తుంది.
పిలకాయలు నవ్వుతారు.

నిన్న మాత్రం
చివరి వరసలో, కిటికీ పక్క,
జూన్ నుంచీ నాకు హాజరుపట్టీలో ఒట్టి పేరుగా ఉన్న పిల్ల
నవ్వలేదు.
నా వేళ్ళు చూసి
మెల్లిగా
చేతులు చెవుల మీదికి తెచ్చుకుంది.