ఎరుకలో ఉన్నది

కాయితం తడవకూడదని
చొక్కా లోపల దాచి తెచ్చాడు అమీనా.
పెదగరువు లాకు దగ్గర పంటు దిగి
బురద కాళ్ళతోనే చదివాడు:
మల్లాడి అబ్బులు, లస్కరు,
నీ స్వాధీనంలో గాని, అధీనంలో గాని, ఎరుకలో గాని ఉన్న
సమస్త పత్రములు
పన్నెండో తారీఖు పదిన్నరకు హాజరుపరచవలెను.
తప్పిన యెడల...
ఆ తర్వాతి ముక్క
అతని చెమటకే అలుక్కుపోయింది.
కింద సర్కారు పెద్ద వకీలు సంతకం,
కాలువ మలుపులా వంకర తిరిగి.

స్వాధీనంలో ఉన్నది గేజీ రిజిస్టరు ఒక్కటే.
అట్టకి చెదలు. నడిమి పేజీల్లో
ఎండి అతుక్కున్న రొయ్యపిల్ల,
ఎప్పుడు దూరిందో.

అధీనంలో ఉన్నవి మూడు తలుపులు, ఇనప చక్రం, గ్రీజు డబ్బా.
ఇవీ తెమ్మంటారా అనడిగితే
అమీనా నవ్వి, బీడీ ఉందా అన్నాడు.

ఎరుకలో ఉన్నది వేరు.

ఆ దాళ్వా, చేలు పాలు పోసుకునే వేళ
రాత్రి రెండింటికి ఫోను మోగింది.
"పోటు మీదుంది, తలుపులెత్తు.
చెరువులాళ్ళకి ఉప్పునీళ్ళు కావాలి."
కాయితం ఎవరిస్తారండీ అన్నాను.
"నోటి మాటకి రసీదేంట్రా?"
ఎత్తాను.
చక్రం తిప్పింది ఈ చేతులే, అదీ రాసుకోండి.
వారం తిరిగేసరికి
ఎనభై ఎకరాలు తుప్పు రంగు.

రిజిస్టరులో ఆ రాత్రికి "తలుపులు మూత" అని
ఎదురుగా కూచుని రాయించారు.
దస్తూరీ నాదే. మాట నాది కాదు.

కానీ అంతకుముందే, తెల్లారకుండానే,
షెడ్డులో చక్రం వెనక గోడ మీద
బొగ్గుతో రాసుకున్నాను,
తారీఖు, గంట, అడుగులు, అంగుళాలు,
ఫోను చేసినాయన పేరు.

పుస్తకమైతే సంచిలో వేసుకుని బస్సెక్కుతాను.
గోడని ఎలా హాజరుపరచను?
చంకన పెట్టుకొచ్చేదా?

సమన్లొచ్చాయని ఎవరు చెప్పారో,
మర్నాడు పొద్దున్నే
సెక్షనాఫీసు నుంచి సున్నం బస్తా దిగింది,
కొత్త కుంచెతో సహా.
పదహారేళ్ళలో
ఆ షెడ్డుకి వెల్ల వెయ్యమన్న నాథుడు లేడు.

సున్నం తడిపాను.
కుండలో కుతకుతలాడి చల్లారింది.
మూడు గోడలు నీటుగా వేశాను.
నాలుగోదానికి చక్రం అడ్డండీ,
కుంచె దూరదు అన్నాను.

ఇవాళ పదకొండు.
వాళ్ళ కాయితం వెనక ఖాళీ ఉంది కదాని
అక్కడే రాస్తున్నాను:
అయ్యా, పుస్తకం తెస్తున్నాను.
మిగిలింది కదలదు.
తమరే రావాలి.
పోటు తీశాక వస్తే
గట్టు దారి కాస్త నడవనిస్తుంది.