పనస కాడ

"రంగు సూసి కొనీకండి" అన్నాడు గురువాచారి
మూడు కలం కాడలు నా ముందు దొర్లించి.
బొబ్బిలి గొల్లపల్లిలో వాన. తడి రంపంపొట్టు వాసన.

మొదటిది ఇత్తడి. అందమే గాని
తోక బరువు; పాళీ ముక్కు ఆకాశం చూస్తుంది.
రెండోది నున్నటి ప్లాస్టిక్కు,
నా చెమట చేతిలో చేపపిల్ల.

మూడోది వీణ చెక్కగా మిగిలిన పనసముక్క.
వేళ్లు ఆనే చోట చిన్న నడుము.
పాళీ దూర్చి కదిపాను, కిక్కురుమనలేదు.
"అది ఊగిందా, అచ్చరం ఊగిపోద్ది టీచరమ్మా."

ఇరవై రెండేళ్లుగా
బడి సర్టిఫికెట్ల మీద పేర్లు రాస్తున్నాను.
నడిమివేలి పక్కన కాయ కాసింది.
తప్పు నా చేతిదే అనుకున్నాను,
పుల్ల మరీ సన్నమని ఎవరూ చెప్పలేదు.

సిరాలో ముంచి, బుడ్డి అంచుకు ఒకసారి ఆనించి
అతని లెక్కల అట్ట మీద రాశాను:
బెవర అసిరితల్లి, ఏడో తరగతి.

నిరుడు ఆ గుంట పేరే మరకైపోయింది.
"పర్లేదు టీచర్" అని
మడిచి పట్టుకుపోయింది.

యాభై ఇస్తే ముప్పై తీసుకున్నాడు.
మిగతాది
వీణ కొన్నోళ్లు ఇచ్చేశారట.