రాత్రి గేటు

నువాఖాయికి దులాబొ మాఝీ రాత్రులు రెండూ నేనే కాశాను.
"బొడొదినొకి నీ రాత్రి నాది, దీదీ" అన్నాడు
కొత్త బియ్యం పాయసం గిన్నె నా చేతిలో పెట్టి.
మాట తప్పే మనిషి కాదు.
ఇరవై రెండున వాళ్ల నాన్న చింతచెట్టు మీంచి పడ్డాడు,
కోరాపుట్ ఆసుపత్రిలో తుంటికి కట్టు.
రోస్టరులో అతని పేరు మీద అడ్డగీత,
పైన నా పేరు.
ఎవరి మీద కోప్పడను?

నాలుగున్నరేళ్ల కెజియాకి తారీకులు తెలీవు.
అదే మా ధైర్యం.
"క్రిస్మస్ ఇరవయ్యారున చేసీద్దాం" అన్నాడు యోబు,
"దానికేటి తెలుస్తాది?"
మా అత్త మార్తమ్మ ఏమీ అనలేదు.
అచ్చుకి అంటుకుపోయిన గులాబీ పువ్వుని
చాకు మొనతో మెల్లగా విడదీసి
జల్లిబుట్టలో వేసింది.

పిల్లకి తారీకులు తెలీవు గానీ వీధి తెలుసు.
ఎదురు డాబా మీద నక్షత్రం వెలిగిన సాయంత్రం తెలుసు.
గుమ్మంలో పిల్లలతో ఒడియాలో, లోపలికొచ్చి నాతో తెలుగులో
ఒకటే మాట:
"దేవుడు పుట్టే రేత్రి నువ్వు డూటీకి ఎల్తావా?"
జడ వేస్తున్నాను. రిబ్బను ముడి రెండుసార్లు జారింది.
"రైళ్లు ఆగవమ్మా."
"మరి దేవుడు ఆగుతాడా?"

రాత్రి పది. రాయగడ పొలిమేరలో నా గది.
ఒక ఫోను, రెండు జెండాలు, చేతిదీపం,
పళ్లు జివ్వుమనిపించే కుండలో నీళ్లు.
కొండల మీంచి దిగిన మంచు
పట్టాల్ని పది గజాల దగ్గరే మింగేస్తోంది.
ఫోను మోగుతుంది. వాళ్లు అంకె చెబుతారు.
నేను అంకె చెబుతాను.
పుస్తకంలో రాస్తాను, గేటు వేస్తాను.
ఇంతే ఉద్యోగం. ఇంతే గానీ
ఇందులో ఒక్కటి మరిచినా మర్నాడు పేపర్లో ఉంటాం.

పన్నెండు దాటాక చర్చి వ్యాను.
పాట ముందొచ్చింది, వెలుగు తర్వాతొచ్చింది.
సరిగ్గా అప్పుడే బాక్సైటు గూడ్సు కబురు.
గేటు వేసేశాను.
వేశాక చూశాను,
ముందు సీట్లో, మార్తమ్మ ఒళ్లో,
నా శాలువా చుట్టుకుని నా కూతురు.

యోబు దిగి కడ్డీ దాకా వచ్చాడు.
"ఒక్క నిమిషం" అనబోయి ఊరుకున్నాడు.
ఆరేళ్లుగా తెలుసు అతనికి ఆ కడ్డీ సంగతి.
పచ్చదీపం పట్టుకుని నిలబడ్డాను
డ్రైవరుకి కనపడేలా, పక్కకి వాలకుండా.
యాభై ఎనిమిది పెట్టెలు.
పెట్టెకీ పెట్టెకీ నడుమ సందులో
నిద్రమొహం, నిద్రమొహం,
పాస్టరుగారి మంకీ క్యాపు,
నిద్రమొహం.
గార్డు పెట్టె ఎర్రచుక్క మంచులో కలిసేదాకా
రెప్ప వెయ్యలేదు.
ఎవరి కోసమో నేను చెప్పలేను.

గేటు ఎత్తాను. వ్యాను కుదుపుతో దాటొచ్చి ఆగింది.
కాసేపు పాడాలని ఎవరికీ గుర్తు రాలేదు.
ఒక చెప్పు వ్యానులోనే వదిలేసి దిగింది కెజియా.
"ఎర్రది వెలిగించు."
"ఊరికే వెలిగించకూడదమ్మా."
"పండక్కి కూడానా?"
"పండక్కి కూడా."
జేబులోంచి గులాబీ పువ్వు తీసింది, సగం పొడి.
ఒక ముక్క నా నోట్లో పెట్టింది,
ఒక ముక్క గేటు స్తంభం మొదట్లో.
"దీనికీ డూటీయే కదా."
ఆరు నిమిషాలు. మళ్లీ ఫోను.

పొద్దున్న ఆరున్నరకి ఇంటికెళ్తే
గుమ్మానికి అడ్డంగా చీపురు.
దాని వెనక కొత్త గౌను, కాటుక చెదిరిన కళ్లు.
"ఆగు. గేటు పడింది."
"ఎవరొస్తన్నారే?"
"తెల్దు. ఇంకా అంకె చెప్పలేదు."
టీ చల్లారిపోతోందని లోపల్నుంచి మార్తమ్మ కేక.
ఇరవయ్యారు సంగతి ఎవరూ ఎత్తలేదు.
చెప్పులు విప్పి, సంచీ చంకలో పెట్టుకుని
మంచు తడి గచ్చు మీద
నిలబడ్డాను.