అర్బాబు బండి

వెనకకెల్లి ఏసీ డక్టులన్ని దించేసి
తార్పాలిన్ ఒక్కటి ఉంచుకున్న.
ఒక చాప, స్టవ్వు, సొట్టపడ్డ గంజు,
ఉప్పు, కారం, చింతపండు ఉండ.
ఆ ఉండను పల్లాలు తన మేడమ్ ఫ్రిజ్‌ల
పెరుగు డబ్బా వెనక ఏడాది దాచింది.
ఈద్‌కు మూడు దినాలు సెలవు.
రూవీల పెట్రోలు పోయించి
సూర్ దిక్కు తిప్పిన స్టీరింగు.

ఇద్దరం ఒక్క ఊళ్లనే ఉంటం.
ఆమె అల్ ఖువైర్‌ల మెట్ల కింది గదిల,
నేను వాదీ కబీర్‌ల పదకొండు మంది నడుమ.
శుక్రవారం రెండు గంటలు
బస్టాండు బెంచీ మీద మా సంసారం.

ఖురియాత్ చేపల బజార్ల
ఆమె నడకే మారింది.
మొప్ప ఎత్తి చూసింది, కన్ను నొక్కి చూసింది,
అరబ్బీల బేరం, తెలుగుల తిట్టు.
వాడు కనాద్ అన్నడు, ఈమె వంజరం అంది,
ఇద్దరు పట్టుకున్న తోక ఒక్కటే.
నేను దూరంగ నిలబడ్డ.
మా భీమ్‌గల్ దిక్కు చేపంటే చెరువుది,
చెరువు ఎండినంక బురద వాసనది.
సముద్రమంటే నాకు
విమానం కిటికీలకెల్లి అగుపడ్డ నల్లటి జాగ.

ఫిన్స్ దగ్గర తెల్లరాళ్ల ఒడ్డు.
పక్కన ఎవరో తెల్లోళ్లు, మొగుడు పెండ్లాలు,
గొడుగు లెక్క విచ్చుకునే డేరా, మడత కుర్చీలు,
బండి వెంబడే ఇల్లు తెచ్చుకున్నరు.
మేము డక్టు తీగెతోని తార్పాలిన్ కట్టినం,
ఒక కొస బండి అద్దానికి, ఒక కొస బండకు.
గాలికి అది రాత్రంత చప్పట్లు కొట్టింది.
ఎవల కోసమో.

తెల్లారి రోడ్డు పక్క మలబారీ కొట్టుల
పరాటాల చీజు రాసి,
చిప్సు పొట్లం గుద్ది నలిపి
అండ్ల పోసి చుట్టిచ్చిండు.
"ఇదీ ఒక తిండేనా!" అని నవ్వి
రెండోది కూడా ఆమే తిన్నది.

రాస్ అల్ హద్దుల తాబేళ్లు దొరకలే.
గుడ్లు పెట్టి ఎప్పుడో మల్లిపోయినయట.
ఇసుకల జాడలే మిగిలినయి,
ట్రాక్టరు పొలంలకు పోయొచ్చినట్టు.
ఒక జాడ పొంటి పల్లాలు
నీళ్ల దాకా నడిచి, ఊకనే వచ్చింది.

ఆ రాత్రి పులుసు వాసనకు
జుమా అనే ముసలాయన పడవ దిగొచ్చిండు.
గంజుల తొంగి చూసి, ఏమనక పోయి
మూత పెట్టిన పళ్లెంతోని మల్లొచ్చిండు.
అన్నం మీద పసుపు పచ్చగ ఏదో తురుము,
ఉల్లిగడ్డ, నల్లగ ఎండిన నిమ్మకాయ.
అవాల్, అన్నడు. ఎండేసిన సొర.

ఒక్క ముద్ద నోట్ల పెట్టుకొని
పల్లాలు నమలుడు ఆపింది.
"ఇది మా సొరపిట్టేనయ్యా!
మా వైపు బాలింతరాలికి పెడతారు,
పాలు పడతాయని."
ఇంకో ముద్ద కలుపుకుంటూ అంది,
"నాకు పెట్టే పని పడలేదు ఎవరికీ."
నేను సముద్రం దిక్కు చూసిన. చీకటి.
జుమాకు ఏం సమజైందో
తన పళ్లెంలోని తురుమంత ఆమె దిక్కు జరిపిండు.
మా పులుసు తాగి, కండ్ల నీళ్లు పెట్టుకొని, దగ్గి,
మల్ల పొయ్యమన్నడు.

మూడో నాడు మాపటీలి
మేడమ్ ఇంటి వెనక గేటు కాడ దించిన.
కాయితంల చుట్టిన అవాల్ తునక
ఆమె సంచిల అడుగున.
చింతపండు అయిపోయింది కద,
పెరుగు డబ్బా వెనక జాగ ఖాళీ.

"బండిల ఏం వాసన ఇది, లింబాద్రీ?"
"డక్టు గమ్ము, అర్బాబ్."
లోకానికి చల్లగాలి బిగించెటోన్ని,
నా బండిల ఏసీ లేదు.
నలభై నాలుగు డిగ్రీల ఎండ.
అయిన అద్దాలు ఎక్కించుకొనే తోల్తున్న,
వారం దినాలయింది,
ఇంకా పోలే.